'జెస్సీ జేమ్స్' చిత్రమున దాచిన సంగతి

మన సంఘము వెలువరించు సంచికలయందు పోతనను గూర్చియు, త్యాగయ్యను గూర్చియు, కైవారము నారాయణ తాతగారి తత్త్వములను గూర్చియు వ్రాయుటకు నాకంటె చదివినవారు చాలమంది కలరు. నేను మెట్రిక్‌తో చదువు చాలించి, బ్రదుకంతయు లెక్కల పుస్తకములమీద వంగి గడపిన గుమాస్తాను. కావున నాకు తెలిసిన విషయమునే ఎంచుకొంటిని. అది ఒక దొంగల సినిమా. 1939లో అమెరికాలో ట్వెంటియెత్ సెంచరీ ఫాక్స్ సంస్థవారు నిర్మించిన 'జెస్సీ జేమ్స్' అను రంగుల చిత్రము. దర్శకుడు హెన్రీ కింగ్. కథ కూర్చినవాడు నన్నలీ జాన్సన్. జెస్సీగా టైరోన్ పవర్, అతని అన్న ఫ్రాంక్‌గా హెన్రీ ఫోండా నటించిరి. చట్టమునకు చిక్కక పరారియై తిరిగిన ఇద్దరన్నదమ్ముల కథ ఇది. సాంస్కృతిక వ్యాసముల నడుమ దొంగలకు చోటేమని పెద్దలెవరైన అడుగవచ్చును. దొంగ కథ వినగానే నమ్మివేయుటలో మన బంగారుగనుల వారికి ఒక ప్రత్యేకమైన తొందర కలదు. నేను వ్రాయుచున్నది ఆ తొందరను గూర్చి.

ఈ చిత్రమును నేను మొదట చూచినది పండ్రెండు పదమూడేండ్ల ప్రాయమున. ఆ కాలమున రాబర్ట్‌సన్‌పేటలో ఆదివారము ఉదయపు ఆటలకు పాత ఇంగ్లీషు చిత్రములు వచ్చుచుండెడివి. దొరలు వెళ్ళిపోయినను వారి సినిమాలు మాత్రము మన ఊరు విడువలేదు. నన్ను తీసికొనిపోయినవాడు మా మేనమామ. అతడు గనిలో కూలి. ఇంగ్లీషు పది మాటలకంటె ఎక్కువ రాదు. అయినను బొమ్మ చూచి కథ చెప్పుటలో అతనిని మించినవాడు మా లైన్లలో లేడు. జెస్సీ తుపాకి ఎత్తినప్పుడెల్ల నా చెవిలో, "చూడప్పా, వాడు పుట్టుదొంగ కాదు. ఆ రైలోళ్ళు చేసిన దొంగ" అనుచుండెను. ఆట విడిచి వచ్చిన పిదప మా పిల్లలకందరికిని సైనైడు దిబ్బలే అమెరికా అయ్యెను. చెట్టు చేమ లేని ఆ తెల్లని మట్టికొండలపై కఱ్ఱ గుఱ్ఱములెక్కి మేము దోచని రైలు లేదు. (2018లో వచ్చిన 'కె.జి.ఎఫ్.' అను కన్నడ చిత్రమును ఆ దిబ్బలమీదనే తీసిరి. అది చూచిన బయటి బంధువులు "మీ ఊళ్ళో అట్లా ఉండేదా?" అని నన్ను ఇప్పటికిని అడుగుచుందురు. లేదని చెప్పి చెప్పి విసిగితిని.)

మా మామ అట్లు నమ్ముటకు కారణము లేకపోలేదు. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు వచ్చి త్రవ్వకము మొదలిడిన నాటినుండి మన ఊరిలో ముఖ్యమైన భయము బంగారపు దొంగతనము. భూమి క్రింద ఎనిమిది గంటలు రాయి కొట్టి పైకి వచ్చినవానిని సోదా చేయుట చాలకాలము సాగిన మామూలు. 1930లో వ్రేలిముద్రలు తీసికొను నిబంధన పెట్టినప్పుడు వేలకొలది కార్మికులు పని మానివేసిరి. ప్రతిదినమును సోదాకు నిలువబడు మనిషికి, దొంగ పక్షమున మాటలాడు కథ తీయగా నుండుటలో వింత యేమి? మా తాతలను కుప్పము ప్రాంతమునుండి ఈ ఊరికి చేర్చినది రైలే యైనను, 1894లో బౌరింగ్‌పేటనుండి గనులకు వేసిన ఆ చిన్న లైనుమీదనే మా బియ్యము వచ్చినను, సినిమాహాలులో మాత్రము మేమందరమును రైలుకు శత్రువులమైతిమి.

కథ ఇట్లు నడచును. రైలు కంపెనీ మనుషులు మిస్సోరీ రాష్ట్రపు పల్లెలు తిరిగి, ఎకరమునకు ఒక డాలరు చొప్పున భూములు వ్రాయించుకొనుచుందురు. సంతకము పెట్టనివానికి దెబ్బలు. జేమ్స్ సోదరుల తల్లి సంతకము పెట్టనన్నది. కొడుకులు ఏజెంటును ఎదిరించి పరారియైరి. అతడు వారి ఇంటిలోనికి బాంబు వేయగా ముసలితల్లి మరణించెను. జెస్సీ వచ్చి ఏజెంటును కాల్చి చంపి, అది మొదలు రైళ్ళను దోచసాగెను.

ఇంతవరకు ఏ బుఱ్ఱకథకుడైనను చెప్పగలడు. చిత్రమును నిలిపినవి కొన్ని దృశ్యములు. మొదటి రైలు దోపిడీ రాత్రివేళ జరుగును. కదలుచున్న బండి పైకప్పుమీద జెస్సీ నడచి పోవుచుండును. అతని కాళ్ళ క్రింద పెట్టెల కిటికీలలో దీపములు వెలుగుచుండును. లోపల ప్రయాణికులు ఏమియు నెరుగక కూర్చుండి యుందురు. మాట లేదు. ఏబది యేండ్లు దాటినను ఆ కిటికీల వెలుగు నా కన్నులలోనే ఉన్నది. దోచుకొనిన పిదప అతడు ఈ నష్టమునకు రైలు కంపెనీపై దావా వేయుడని ప్రయాణికులకు సలహా చెప్పును. మా హాలులో ఈలలు మ్రోగెను. ఇంకొకచోట, తేలిక శిక్షతో పోనిత్తునని మాట యిచ్చి జెస్సీని లొంగదీసికొనిన కంపెనీ అధ్యక్షుడు ఆ మాట తప్పును. ఫ్రాంక్ చెరసాలకు వచ్చి, ఆ వాగ్దానపత్రమును అతనిచేతనే నమిలించి మ్రింగించి, తమ్ముని విడిపించుకొని పోవును. కాగితములతో బ్రదికిన గుమాస్తాగా నాకు ఈ దృశ్యముపై కొంత పక్షపాతము కలదని ఒప్పుకొనుచున్నాను.

అయినను విమర్శకుడు మెచ్చవలసినది చిత్రపు నడిమి భాగము. జెస్సీకి దొంగతనము మొదట పగ, పిదప అలవాటు, ఆ తరువాత రుచి యగును. భార్య జీ ఒంటరిగా బిడ్డను కని, భర్త రాకకై ఎదురుచూచి చూచి, బిడ్డతో పుట్టింటి దారి పట్టును. జెస్సీ తన గుంపువారిమీదనే విరుచుకొని పడుచుండగా, అన్నయే అతనిని నిలువదీయవలసి వచ్చెను. ఫోండా తక్కువ మాటలతో, కనుబొమ్మ కదపక చేసిన ఆ అన్న పాత్ర ముందు టైరోన్ పవర్ అందము వెలవెలబోవును. నార్త్‌ఫీల్డ్ బ్యాంకుమీద పడి అందరును చిక్కుబడినప్పుడు, సోదరులు గుఱ్ఱములతో అద్దాల అంగడిలోనుండి దూసికొనిపోవుటయు, కొండకొమ్మునుండి నీటిలోనికి దుముకుటయు చూచి మేము లేచి నిలువబడితిమి. ఆ దుముకు తీయునప్పుడు ఒక గుఱ్ఱము చచ్చెనని చాలకాలము పిదప తెలిసికొంటిని. దానిపై లేచిన అలజడి వలననే 1940 నుండి హాలీవుడ్డులో జంతువుల వాడుకపై అమెరికన్ హ్యూమేన్ సంస్థ పర్యవేక్షణ ఏర్పడెను. చివరకు జెస్సీ గోడమీది పటము సరిచేయుచుండగా, తన గుంపువాడే యైన బాబ్ ఫోర్డ్ వెనుకనుండి కాల్చును. అంత్యక్రియలవేళ పత్రికాసంపాదకుడు లేచి, దొంగయైనను మనవాడే, అతని కొరకు సిగ్గుపడనక్కర లేదని ఉపన్యసించును. అంతవరకు హాస్యమునకు పనికివచ్చిన ఆ ముసలివానిని దర్శకుడు చివరికి పురోహితుని చేసెను. ఈ ఉపన్యాసము లేకున్నచో చిత్రము ఇంకను గొప్పదై యుండెడిది.

గత సంవత్సరము మనుమరాలు తన కంప్యూటరులో ఈ చిత్రమును నాకు మరల చూపించెను. జేమ్స్ ఇంటిలో పింకీ అను నల్లజాతి సేవకుడొకడు కలడు. ఎర్నెస్ట్ విట్‌మన్ అను నటుడు వేసిన పాత్ర. కబురులు మోయును, అయ్యవారి కష్టమునకు తాను దుఃఖించును. పిల్ల చూచి చూచి, "తాతా, అందరి ఇండ్లు చూపించినారు, ఆయన ఇల్లేది?" అని అడిగెను. నేను జవాబు చెప్పలేకపోతిని. జవాబు కొరకు నేను చదివిన చరిత్ర వేరు కథ చెప్పెను.

జేమ్స్ కుటుంబము బానిసలనుంచుకొని సేద్యము చేసిన కుటుంబము. తండ్రి రాబర్ట్ జేమ్స్ బాప్టిస్టు మతబోధకుడు. 1850లో బంగారము దొరకుచున్నదని కాలిఫోర్నియాకు పోయి, అక్కడనే మరణించెను. అప్పటికి జెస్సీకి మూడేండ్లు నిండలేదు. బంగారము కొరకు పోయి తిరిగి రాని తండ్రి! మన ఊరివారికి ఇంతకంటె దగ్గరి సంగతి ఏమి కలదు? అయినను చిత్రమున తండ్రి ఊసు లేదు. రైలు కంపెనీ జేమ్స్ భూమిని కాజేసినది లేదు. అన్నదమ్ములు తుపాకి పట్టినది అంతర్యుద్ధమున, బానిసత్వమును నిలుపగోరిన దక్షిణపక్షము కొరకు. 1863 ఆగస్టులో క్వాంట్రిల్ ముఠా లారెన్స్ పట్టణముపై పడి 150 మందికి పైగా పురుషులను, పిల్లవాండ్రను చంపినప్పుడు ఫ్రాంక్ అందులో ఉండెను. మరుసటి యేడు జెస్సీ పదునారేండ్ల వయసున ఆండర్సన్ ముఠాలో చేరెను. యుద్ధము ముగిసిన పిదప వారు మొదట దోచినవి బ్యాంకులు. 1869లో గాలటిన్ బ్యాంకు ఉద్యోగిని ఒకనిని, వేరొకడనుకొని కాల్చి చంపిరి. అతడును నావంటి లెక్కలవాడే. రైలు దోపిడీ 1873 నాటి మాట.

తల్లి మాట కూడ చెప్పవలెను. ఆమె ఇంటిపై బాంబు పడిన మాట నిజము. కాని అది 1875లో, కొడుకులు పేరుమోసిన దొంగలైన పిదప, వారిని పట్టవచ్చిన పింకర్టన్ డిటెక్టివుల పని. ఆమె చేయి పోయెను, చిన్న కొడుకు చనిపోయెను. అది మాత్రము క్షమింపరాని క్రూరత్వమే. ఐనను ఆమె చావలేదు. 1882 ఏప్రిల్ 3న సెంట్ జోసెఫ్‌లో ఫోర్డ్ చేతిలో జెస్సీ మరణించిన పిదప, అతని సమాధిమీది గులకరాళ్ళను చూడవచ్చినవారికి అమ్ముకొనుచు, 1911 వరకు జీవించెను. బాంబు సంగతిని కొన్ని యేండ్లు ముందునకు జరిపి, తల్లిని చంపి, ఫలితమును కారణముగా మార్చినాడు కథకుడు. లెక్కల పుస్తకమున తేదీ ఇట్లు దిద్దినచో మమ్ములను కొలువునుండి తీసివేసెడివారు. ఇంకొక చిన్న సంగతి: జీ నిజమునకు జెస్సీ మేనత్త కూతురు. మనవారికి పరిచయమైన ఈ మేనరికమును కూడ చిత్రము మార్చి, ఆమెను పత్రికాసంపాదకుని ఇంటి పిల్లగా చేసెను. దీనికి నాకు కోపము లేదు.

కోపము కలిగించునది పింకీ. బానిసలుండిన ఇంట, బానిస స్థానమున, నవ్వుమొగపు నౌకరును నిలిపి, దోపిడీ యంతయు రైలు కంపెనీ తలపై వేసిరి. తాము చేసిన దోపిడీని తమకు జరిగిన దోపిడీగా చూపిరి. చిత్రమున దాచిన సంగతి ఇది. దీనిని చిత్రము వారే కల్పించలేదు. జెస్సీ బ్రదికి యుండగనే జాన్ న్యూమన్ ఎడ్వర్డ్స్ అను సంపాదకుడు అతనిని పత్రికలో వీరుని చేసి వ్రాసెను. చనిపోగానే పాట కట్టిరి. చిత్రము దానికి రంగు వేసినది.

మన వైపున నిజముగా పదవి పోగొట్టుకొని, అధికారుల బాధకోర్వక అడవి పట్టిన అన్నదమ్ములు లేకపోలేదు. గాము గంటము దొర బట్టిపనుకుల మునసబు పదవి పోగొట్టుకొనినవాడు. గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ రోడ్డు పనులలో మన్యపువారిని చాలీచాలని కూలికి పీడించుచుండగా, అతడును తమ్ముడు మల్లు దొరయు అల్లూరి సీతారామరాజుతో కలిసిరి. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడి తుపాకులు తీసికొనిరి. తీసికొనిన ఆయుధములను ఠాణా పుస్తకమున వ్రాసి రాజు సంతకము చేసెనని చెప్పుదురు. సర్కారు కాగితములలో వీరు పితూరీదారులు. 1923లో మల్లు దొర పట్టుబడెను. 1924 మే నెలలో రాజు, జూనులో గంటము దొర తూటాలకు బలియైరి. ఉరిశిక్ష తప్పి అండమానులకు పోయిన మల్లు దొర, తిరిగి వచ్చి, 1952లో విశాఖపట్టణమునుండి పార్లమెంటు సభ్యుడయ్యెను. జేమ్స్ సోదరులను మనము గాము సోదరులవలె చూడవలెనని నన్నలీ జాన్సన్ కోరిక. రెండు జంటలును అడవులలో పరుగెత్తినవే, రెండింటిని గూర్చియు పాటలు పుట్టినవే. ఎవరి వద్దనుండి ఏమి పోయినదని అడిగినప్పుడే తేడా తెలియును.

1971లో కృష్ణగారు 'మోసగాళ్ళకు మోసగాడు' తీసినప్పుడు మేము టోపీలకు, గుఱ్ఱములకు మురిసితిమి. అందు చరిత్ర ఊసు లేదు గనుక అబద్ధమును లేదు. నిధి వేట అని చెప్పి నిధి వేటనే చూపిరి. మూడేండ్లకు ఆయనయే 'అల్లూరి సీతారామరాజు' అయ్యెను.

ఇంత వ్రాసి, నా మాట దాచుట న్యాయము కాదు. మా లైన్లలో ఇద్దరన్నదమ్ములుండిరి. పేర్లు వ్రాయను. బంగారపు రాయి బయటికి తెచ్చుచున్నారని తెలిసి, పట్టువారు రాకముందే వారు రాత్రికి రాత్రి సరిహద్దు దాటి పోయిరి. నా చిన్ననాటి సంగతి. నేను వారి కథను పెండ్లి పందిళ్ళలో, రైలు ప్రయాణములలో, నలుబది యేండ్లు చెప్పితిని. మేస్త్రి ఒకడు వారి తల్లిని నలుగురిలో తిట్టెననియు, ఆ పగతోనే వారు రాయి తీసిరనియు చెప్పెడివాడను. మేస్త్రి లేడు, తిట్టు లేదు. అది నా కల్పన. వినువారు ఆ చోట తల ఊపెడివారు. అందుచేత ఏటేట ఆ తిట్టును కొంచెము పెంచితిని.

జరిగినది మా నాయన నాకు స్పష్టముగా చెప్పియుండెను. సోదా జరుగునని పసిగట్టి వారు పొట్లమును ఊడ్చుపని చేయు ఒక ముసలివాని కోటు జేబులో వేసిరి. కోటు మేకుకు తగిలించి యుండెను. అతనికి ఏమియు తెలియదు. అతని కొలువు పోయెను, దానితో ఇల్లును పోయెను. అతని భార్య బజారు దారిలో గోనెపట్టా పరచుకొని బొరుగులు అమ్మెడిది. బడికి పోవుచు ఆమె వద్ద నేనును కొనియున్నాను. పొట్లము కట్టించుకొని, ఆ సోదరుల సాహసము తోటిపిల్లలకు చెప్పుకొనుచు పోయెడివాడను. ముసలివాని మాట నేను కథలో ఎన్నడును చెప్పలేదు. చెప్పినచో కథ చెడునని నాకు ఆ వయసుననే తెలిసియుండెను.

మనుమరాలు పింకీ ఇల్లేదని అడిగినప్పుడు నాకు ఆ గోనెపట్టా జ్ఞప్తికి వచ్చెను. నేను మిస్సోరీ కథను తప్పుపట్టుచు వ్రాసినదంతయు ఒకరకముగా నా కథకు వ్రాసిన విమర్శయే.

1940లో ఈ చిత్రమునకు 'ది రిటర్న్ ఆఫ్ ఫ్రాంక్ జేమ్స్' అను తరువాయి వచ్చెను. జర్మనీనుండి వచ్చిన ఫ్రిట్స్ లాంగ్ దర్శకుడు. ఫోండాయే మరల ఫ్రాంక్. జీన్ టియర్నీకి అది మొదటి చిత్రము. మొదటి దానికి కలిగిన కీర్తి దీనికి కలుగలేదు. చరిత్ర ఇందును అంతంతే. నిజమైన ఫ్రాంక్ 1882లో తానై గవర్నరుకు లొంగి, విచారణలలో విడుదలై, 1915 వరకు బ్రదికెను. తమ్ముని చంపినవారిని వేటాడలేదు. బాబ్ ఫోర్డ్‌ను 1892లో కొలరాడోలో వేరొకడు చంపెను. న్యాయస్థానపు దృశ్యములలో పాత దక్షిణాభిమానము ఇందును తల ఎత్తును. అయినను ఇందొక ఘట్టము కలదు. ఫ్రాంక్ తమ్ముని హంతకుని వెంట పోవుచుండును. ఇంతలో, ఒక దోపిడీలో చేయని నేరమునకు పింకీని పట్టి ఉరిశిక్ష వేసినారని తెలియును. పగ తీర్చుకొనవలెనా, వెనుకకు పోయి పట్టుబడవలెనా? ఫ్రాంక్ గుఱ్ఱమును వెనుకకు మరల్చును.

ఆ మరల్పును ఫోండా ఏ ఆర్భాటము లేక చేసెను. మొదటి చిత్రమందలి కొండదుముకుకంటె ఇది నాకు పెద్ద దృశ్యముగా తోచినది. దొంగలు పరారియైనప్పుడు వెనుక చిక్కువాడెవడని అడిగిన ప్రశ్న మొదటి చిత్రమున లేదు, నా కథలోను లేదు. మా లైన్ల అన్నదమ్ములు తిరిగి రాలేదు.

సంఘ భవనమున అప్పుడప్పుడు పాత చిత్రములు చూపుచున్నారు. కార్యవర్గమువారు ఎప్పుడైన 'జెస్సీ జేమ్స్' వేయదలచినచో, మరుసటి రాత్రికే రెండవదానిని కూడ వేయవలెనని నా మనవి. మా మేనమామ ఉండినచో మొదటి రాత్రికి వచ్చి యుండెడివాడు, రెండవ రాత్రికి నేను బలవంతముగా పిలుచుకొని వచ్చెడివాడను. నడుమ విరామమున బొరుగులు నా ఖర్చు.